నాన్నగారి ఐదు పిన్నుల పాత కీబోర్డు కొత్త ల్యాప్‌టాప్‌కి పనిచేస్తుందా అని అడిగారు కదా, చేస్తుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. నాన్నగారు డీటీపీ షాపులో ఏళ్ళ తరబడి వాడిన కీబోర్డు, వైరు చివర బొటనవేలంత లావున గుండ్రటి ఐదు పిన్నుల ప్లగ్గు, మీ కొత్త ల్యాప్‌టాప్‌కేమో రెండు టైప్-సీ పోర్టులు తప్ప ఇంకేమీ లేవు. షాపులో ఇచ్చిన చిన్న నల్ల ముక్క ఒకటి, దాని వెనక ఆకుపచ్చ ముక్క ఇంకోటి, దాని వెనక టైప్-సీ ముక్క తగిలించి పెడితే మూడు లైట్లు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి, ఆ తర్వాత ఎన్ని కీలు కొట్టినా ఒక్క అక్షరం పడలేదు, షాపతను కీబోర్డు పోయింది పారెయ్యండి అన్నాడు. ఇదే కదా.

పారెయ్యొద్దు. దయచేసి పారెయ్యొద్దు. లైట్లు మెరిశాయని మీరు రాసిన ఆ ఒక్క ముక్కతోనే నాకు సగం విషయం తెలిసిపోయింది. ఆ కాలపు కీబోర్డుల లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది, దానికి 5 వోల్టుల కరెంట్ అందగానే ముందు తనని తానే ఒకసారి పరీక్షించుకుంటుంది, ఆ పరీక్షలో భాగంగానే నమ్ లాక్, క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ లైట్లు మూడూ కలిసి ఒకసారి వెలుగుతాయి. అంటే మీ వైరులో కరెంట్ తీగ, గ్రౌండ్ తీగ బాగున్నాయి, చిప్ బతికే ఉంది. ఆగిపోయింది కీబోర్డు దగ్గర కాదు, మధ్యలో ఉన్న ఆ ఆకుపచ్చ ముక్క దగ్గర.

ఈ ఆకుపచ్చ ముక్క సంగతి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పాత కీబోర్డుల్లో ఎక్కువ భాగం దీనివల్లే చెడిపోయాయి అనిపించుకుని వస్తాయి. దాని లోపల ఏమీ లేదు, ఉత్త తీగలే. ఒకవైపు పిన్నుని ఇంకోవైపు పిన్నుకి కలుపుతాయి అంతే. మరి అలాంటిది ఎందుకు తయారుచేశారు అంటే, పీఎస్/2 అనే ఆరు పిన్నుల గుండ్రటి పాత ప్లగ్గు నుంచి యూఎస్‌బీకి మారే రోజుల్లో వచ్చిన చాలా కీబోర్డులకి, మౌసులకి లోపలి చిప్‌లోనే రెండు పద్ధతులూ తెలుసు, యూఎస్‌బీలో పెడితే యూఎస్‌బీలా, పీఎస్/2లో పెడితే పీఎస్/2లా పనిచేసేవి, అలాంటివాటికి తీగలు కలిపితే చాలు. మీ నాన్నగారి కీబోర్డు తయారైన రోజుకి యూఎస్‌బీ అనేదే లేదు, మొదటి యూఎస్‌బీ ప్రమాణం వచ్చిందే 1996లో. దానికి తెలియని పద్ధతిలో మాట్లాడమంటే ఎలా మాట్లాడుతుంది. అది తన పద్ధతిలో సిగ్నల్ పంపుతూనే ఉంది, ల్యాప్‌టాప్‌కి అది అర్థం కావట్లేదు. మధ్యలో అటు విని ఇటు మార్చి చెప్పే చిప్ ఒకటి ఉండాలి. అది ఉన్నదాన్నే యాక్టివ్ కన్వర్టర్ అంటారు, షాపులో పేరు పెట్టి అడిగినా చాలాసార్లు తీగల ముక్కే చేతిలో పెడతారు కాబట్టి మీరే పరీక్ష చేసి తీసుకోవాలి. పరీక్ష చాలా తేలిక: కీబోర్డు తగిలించకుండా ఆ కన్వర్టర్ ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌లో పెట్టండి, విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి కీబోర్డ్స్ అన్న చోట కొత్తగా ఒకటి చేరిందా చూడండి. చేరితే లోపల చిప్ ఉన్నట్టు. ఏమీ కదలకపోతే అది తీగల ముక్క, తిరిగి ఇచ్చెయ్యండి. మామూలుగా చిప్ ఉన్నది పొట్టి వైరులా ఉంటుంది, ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర రెండు గుండ్రటి సాకెట్లు, ఊదా రంగుది కీబోర్డుకి, ఆకుపచ్చది మౌస్‌కి.

ఇక ఏం కొనాలో చెప్పే ముందు ప్లగ్గు గురించి ఒక మాట, ఇక్కడ తప్పు చేస్తే డబ్బు దండగ. ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గు చూసి అన్నీ ఒకటే అనుకుంటారు, కాదు. 1981లో ఐబీఎం మొదటి పీసీతో వచ్చిన 83 కీల కీబోర్డుకీ ఇదే ప్లగ్గు, 1984లో వచ్చిన ఏటీ మోడల్ కీబోర్డుకీ ఇదే ప్లగ్గు, కానీ లోపల పద్ధతి వేరు. మొదటిదాన్ని ఎక్స్‌టీ అంటాం, అది కంప్యూటర్‌కి చెప్తుందే గానీ కంప్యూటర్ చెప్పేది వినదు, అందుకే దానికి లైట్లు కూడా లేవు. ఏటీ పద్ధతిలో రెండువైపులా మాట నడుస్తుంది, క్యాప్స్ లాక్ లైటు వెలిగించు అని కంప్యూటర్ చెప్తే కీబోర్డు వెలిగిస్తుంది. కోడ్‌లు కూడా మారిపోయాయి, ఇంగ్లిష్ ఏ అక్షరం కీ నొక్కితే ఎక్స్‌టీ పంపేది 1ఈ, అదే ఏటీ అయితే 1సీ, వేలు తీస్తే ఎఫ్0 ఆ వెనకే మళ్ళీ 1సీ. 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో ప్లగ్గు చిన్నదై ఆరు పిన్నులకి మారింది గానీ లోపల నడిచింది ఏటీ పద్ధతే. మీకు పనికొచ్చే ముక్క ఇదే. ఏటీ కీబోర్డుని పీఎస్/2 సాకెట్‌లో పెట్టడానికి చిప్ అక్కర్లేదు, ఆ చిన్న నల్ల ముక్క చాలు. అంటే మీరు కొన్న మూడు ముక్కల్లో నల్లది సరైనదే, దాన్ని ఉంచుకోండి.

మీది లైట్లు మెరిసింది కాబట్టి దాదాపు ఖాయంగా ఏటీ. అయినా ఒకసారి తిరగేసి కింద చూడండి, ఐబీఎం నమూనాలో వేరే కంపెనీలు చేసిన పాత క్లోన్ కీబోర్డుల అడుగున చిన్న స్విచ్ ఒకటి ఉండేది, ఒక పక్క ఏటీకి గుర్తుగా ఇంగ్లిష్ A అని ఇంకో పక్క ఎక్స్‌టీకి X అని రాసి ఉంటుంది, కొన్నింటికి అది ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది. ఉంటే అది A అక్షరం వైపు ఉండాలి. పాత సరుకు సర్దేటప్పుడు ఎవరి వేలో తగిలి అది ఎక్స్ వైపు జరిగిపోయి, మనిషి రెండు కన్వర్టర్లు మార్చి మార్చి విసిగిపోయిన కేసు నేను చూశాను, స్విచ్ జరపగానే అక్షరాలు పడ్డాయి. ఎఫ్ కీలు ఎడమ పక్కన రెండు వరసల్లో ఉన్నాయి కాబట్టి ఎక్స్‌టీ అని తేల్చెయ్యకండి, 84 కీల ఏటీ కీబోర్డుకీ అవి ఎడమ పక్కనే ఉండేవి. లైట్లు ఉన్నాయా లేదా అన్నది అంతకన్నా నమ్మదగ్గ గుర్తు.

కాబట్టి మీ వరస ఇది: కీబోర్డు ఐదు పిన్నుల ప్లగ్గు, దానికి మీ దగ్గర ఉన్న నల్ల ముక్క, అది యాక్టివ్ కన్వర్టర్ ఊదా సాకెట్‌లోకి, కన్వర్టర్ యూఎస్‌బీ ప్లగ్గు టైప్-సీ ముక్కలోకి, అది ల్యాప్‌టాప్‌లోకి. అన్నీ కలిపి ముందు పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో పెట్టేది మాత్రం చివర్లో పెట్టండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే ఈ కన్వర్టర్లు దొరుకుతాయి, విడి సాకెట్లు, పిన్నులు లాంటివి కావాలంటే కోఠి గుజరాతీ గల్లీ. మీరు దూరంలో ఉంటే ఆన్‌లైన్‌లో తీసుకోండి, కానీ తిరిగి పంపే వీలు ఉన్నచోటే.

తిరిగి పంపే వీలు అని ఎందుకంటున్నానంటే, చిప్ ఉన్నవి కూడా అన్నీ ఒక్కలా పనిచెయ్యవు. కీబోర్డు కరెంట్ అందాక తన పరీక్ష ముగించుకుని నేను సిద్ధం అని ఏఏ అనే కోడ్ పంపడానికి అర సెకను పైనే పడుతుంది, నేను చూసినవాటిలో కొన్ని చవక కన్వర్టర్లు ఈ పాత కీబోర్డుల కోసం ఓపిగ్గా ఆగవు, కీబోర్డు లేదనుకుని ఊరుకుంటాయి. అలాంటప్పుడు కన్వర్టర్ తీసి పది సెకన్లు ఆగి మళ్ళీ పెడితే ఒక్కోసారి అందుకుంటుంది. ఇంకొన్ని షిఫ్ట్ వదిలినా నొక్కే ఉందనుకుంటాయి, వేగంగా టైప్ చేసేవాళ్ళకి ఇది నరకం, నాన్నగారు గంటకి పేజీలు పేజీలు కొట్టిన మనిషి కాబట్టి కొన్నరోజే ఆయన చేత ఓ పేజీ కొట్టించి చూడండి, మనం రెండు వేళ్ళతో నొక్కి చూస్తే ఈ లోపం బయటపడదు. తర్వాత కరెంట్ సంగతి. ఆ రోజుల కీబోర్డులు ఇప్పటివాటికన్నా ఎక్కువ కరెంట్ లాగుతాయి, ముఖ్యంగా లోపల స్ప్రింగు వంగి టక్కుమనే ఐబీఎం మోడల్ ఎం లాంటివి. ల్యాప్‌టాప్ పోర్టు నేరుగా అయితే ఇబ్బంది లేదు, యూఎస్‌బీ 2.0 పోర్టు కూడా 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలదు, కానీ సొంత అడాప్టర్ లేని చిన్న హబ్‌లో మౌసు, పెన్ డ్రైవ్, ఇదీ కలిపి పెడితే లైట్లు మసగ్గా వెలగడం, మధ్యలో ఆగిపోవడం మొదలవుతుంది. హబ్ వాడాల్సి వస్తే కరెంట్ ప్లగ్గు ఉన్నదే వాడండి.

రెండు కన్వర్టర్లు మార్చినా కుదరకపోతే, లేదా ఎప్పుడైనా నిజంగా ఎక్స్‌టీ కీబోర్డు చేతికొస్తే, అప్పుడు నేను చేసే పని ఇది. మీకు సోల్డరింగ్ వచ్చి ఉంటే ఇదే అన్నిటికన్నా మంచి దారి, నా సొంత కీబోర్డుకి కూడా ఇదే పెట్టుకున్నా. ప్రో మైక్రో అనే బొటనవేలంత బోర్డు దొరుకుతుంది, ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్నది, 5 వోల్టులది తీసుకోండి, 3.3 వోల్టులది వద్దు. దానిలోకి సోరర్స్ కన్వర్టర్ అనే ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) గానీ టీఎంకే వాళ్ళ ఐబీఎం పీసీ కన్వర్టర్ గానీ ఎక్కిస్తే ఎక్స్‌టీనా, ఏటీనా, పీఎస్/2నా అన్నది అదే కనిపెట్టి ల్యాప్‌టాప్‌కి మామూలు యూఎస్‌బీ కీబోర్డులా కనపడుతుంది. తీగలు నాలుగే: 5 వోల్టులు బోర్డు మీద వీసీసీకి, గ్రౌండ్ గ్రౌండ్‌కి, క్లాక్ 2వ నంబరు పిన్నుకి, డేటా 3వ నంబరు పిన్నుకి. క్లాక్‌కి, డేటాకి ఒక్కోదానికి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వీసీసీకి కలిపితే సిగ్నల్ గట్టిగా ఉంటుంది, పొడుగు స్ప్రింగు వైరు ఉన్న కీబోర్డులకి ఇది తప్పకుండా పెట్టండి. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు రీసెట్ పిన్నుని గ్రౌండ్‌కి గబగబా రెండుసార్లు తాకించాలి, ఆ తర్వాత ఎనిమిది సెకన్లే టైమ్ ఉంటుంది, కాబట్టి కమాండ్ ముందే టైప్ చేసి పెట్టుకుని ఆపైన తాకించండి.

ప్లగ్గులో ఏ పిన్ను ఏది అన్నది ఇక్కడ చాలా జాగ్రత్త. ఐదు పిన్నుల దానిలో 1 క్లాక్, 2 డేటా, 4 గ్రౌండ్, 5 కరెంట్, 3 ఏటీలో వాడరు. కానీ అవి వరసగా ఉండవు, వంపు వెంట చూస్తే 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. మధ్యది ఎటు నుంచి చూసినా డేటానే. మిగతావి మాత్రం ప్లగ్గు ముందు నుంచి చూస్తున్నామా, టంకం వేసే వెనక నుంచి చూస్తున్నామా అన్నదాన్ని బట్టి తారుమారు అవుతాయి, అంటే గ్రౌండ్ ఉండాల్సిన చోట 5 వోల్టులు వెళ్ళిపోతుంది, కీబోర్డు చిప్ పోతే ఇప్పుడు ఎక్కడా దొరకదు. అందుకే మీ నల్ల ముక్కనే కొలబద్దగా వాడండి. దాని చిన్న వైపు, అంటే పీఎస్/2 వైపు 1 డేటా, 3 గ్రౌండ్, 4 కరెంట్, 5 క్లాక్. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి అటు ఇటు తాకించి ఏది దేనికి కలిసిందో కాగితం మీద రాసుకుని, ఆ రెండు లెక్కలూ సరిపోయాకే టంకం ముట్టుకోండి. ఈ ఐదు పిన్నుల ఆడ సాకెట్ కంప్యూటర్ షాపుల్లో లేకపోయినా మ్యూజిక్ సామాను అమ్మేచోట మిడి సాకెట్ అంటే ఇస్తారు, అదే ఇది.

మీ ఇంట్లోనో షాపులోనో ఇంకా డెస్క్‌టాప్ ఉంటే దాని వెనక కూడా ఒకసారి చూడండి, ఇప్పటికీ కొన్ని మదర్‌బోర్డులకి సగం ఊదా సగం ఆకుపచ్చ రంగులో ఒక గుండ్రటి పోర్టు వస్తోంది. అది ఉంటే కన్వర్టర్ గొడవే లేదు, నల్ల ముక్కతో నేరుగా పెట్టెయ్యొచ్చు. కానీ కంప్యూటర్ ఆపి పెట్టాలి, ఇది గట్టిగా చెప్తున్నా. పీఎస్/2 అనేది నడుస్తుండగా తీసి పెట్టడానికి తయారుచేసింది కాదు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ప్రెస్సులో ఆన్‌లో ఉన్న మెషీన్‌కి కీబోర్డు గుచ్చాను, కీబోర్డు మౌసు రెండూ చచ్చిపోయాయి, పోర్టు పక్కన బియ్యపు గింజంత ఫ్యూజు కొట్టేసింది, ఆ రోజు రాత్రి పెళ్ళికార్డులు అచ్చుకి వెళ్ళాలి. ఫ్యూజు మార్చి నడిపించేసరికి తెల్లారింది. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా స్విచ్ ఆపకుండా పీఎస్/2 ముట్టుకోలేదు. ఇంకోటి, ఆపి పెట్టి ఆన్ చేశాక లైట్లు మెరిశాయి, విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ తెరలో కీలు పనిచేస్తున్నాయి, కానీ విండోస్‌లోకి వచ్చాక చచ్చిపోతే అది విండోస్ ఆ డ్రైవర్‌ని మొదలుపెట్టకపోవడం. రిజిస్ట్రీ ఎడిటర్‌లో సర్వీసెస్ కింద ఐ8042పీఆర్‌టీ అనే దానిలో స్టార్ట్ అన్న విలువ 3 ఉంటే 1 చేసి రీస్టార్ట్ చెయ్యండి.

కొన్ని కీలు పడకపోతే అది వేరే సమస్య, కన్వర్టర్‌ని తిట్టుకోవద్దు. ముందు ఫోటో తీసుకోండి, ఆపైనే కీ టోపీలు ఊడదియ్యండి, నాన్నగారు వాటి మీద తెలుగు స్టిక్కర్లు అంటించుకున్నారన్నారు కదా, ఆ వరస మళ్ళీ అలాగే రావాలి, పైగా స్టిక్కర్లు ఉన్నవాటిని నీళ్ళలో నానెయ్యకండి, తడిగుడ్డతో తుడవండి చాలు. టక్ టక్‌మని చప్పుడు వచ్చే రకం అయితే చాలావాటిలో ఒక్కో కీకి ఒక్కో స్విచ్ ఉంటుంది, పడని కీలో కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి యాభై అరవైసార్లు నొక్కితే చాలావరకు తిరిగొస్తాయి. మెత్తగా రబ్బరులా ఉంటే లోపల ప్లాస్టిక్ షీట్ల మీద సన్నటి గీతలు ఉంటాయి, వాటిని స్పిరిట్‌తో గట్టిగా రుద్దితే గీతే ఊడొస్తుంది, పొడి గుడ్డతో మెల్లగా అద్దండి. ఒక వరస మొత్తం పడకపోతే మురికి కాదు, గీత ఎక్కడో తెగింది. వైరు కదిపినప్పుడల్లా వచ్చిపోతుంటే కీబోర్డు వెనక వైరు లోపలికి దూరేచోట తీగ విరిగి ఉంటుంది, పాతవాటిలో నేను ముందు చూసేది అక్కడే, నాలుగు అంగుళాలు కోసేసి కొత్తగా కలిపితే ఇంకో పదేళ్ళు వస్తుంది. టీవీఎస్ గోల్డ్ కీబోర్డు వాడినవాళ్ళకి ఇవన్నీ తెలుసు, మన డీటీపీ షాపుల్లో ఆ చెర్రీ బ్లూ స్విచ్‌ల చప్పుడు విని పెరిగినవాళ్ళం చాలామందిమి, అది పీఎస్/2దే ఉంటే మీకు చెప్పిన పద్ధతే, నల్ల ముక్క ఒక్కటి తీసేస్తే సరి.

ఇక అక్షరాలు పడటం మొదలయ్యాక రెండు సంగతులు అడుగుతారు. ఒకటి విండోస్ కీ. 101 కీల దానికి ఆ కీ ఉండదు, కంట్రోల్ ఎస్కేప్ కలిపి నొక్కితే స్టార్ట్ మెనూ వస్తుంది, అది చాలకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళ పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ అని ఉంది, దానిలో ఎవరూ వాడని స్క్రోల్ లాక్‌ని విండోస్ కీగా మార్చుకోవచ్చు. ప్రో మైక్రో పెట్టుకున్నవాళ్ళు ఫర్మ్‌వేర్‌లోనే మార్చుకుంటే ఏ కంప్యూటర్‌కి పెట్టినా అలాగే వస్తుంది. మరి 84 కీలవాటికి కుడి ఆల్ట్ కూడా లేదు, అక్కడ రూపాయి గుర్తుకి కంట్రోల్, ఆల్ట్, 4 కలిపి నొక్కండి, విండోస్‌లో ఇంగ్లిష్ ఇండియా కీబోర్డు ఎంచుకుని ఉంటే పడుతుంది.

రెండోది మీరు భయపడుతున్న తెలుగు. ఈ కీబోర్డు మళ్ళీ పనిచేసినా నాన్నగారికి అలవాటైన అను యాపిల్ లేఅవుట్, అంటే అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ కీకి ఏ అక్షరం అన్న అమరిక, రాదేమో అని రాశారు. లేఅవుట్ కీబోర్డులో లేదండి. కీబోర్డు పంపేది ఫలానా చోట ఉన్న కీ నొక్కారు అన్న కబురే, ఆ చోటికి తెలుగు క వెయ్యాలా ఇంగ్లిష్ కె వెయ్యాలా అన్నది కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అందుకే పాత మెషీన్‌లో అను ఎలా నడిచిందో కొత్తదానిలో అను వేసుకుంటే ఇదే కీబోర్డు మీద అలాగే నడుస్తుంది, ఆ స్టిక్కర్లు ఒక్కటి కూడా మార్చక్కర్లేదు. లినక్స్ వాడితే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఎం17ఎన్ ప్యాకేజీలో తెలుగు యాపిల్ లేఅవుట్ యూనికోడ్‌లోనే ఉంది, అంటే ఆయన పాత వేళ్ళ అలవాటుతోనే వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో అందరికీ కనపడే తెలుగు రాయొచ్చు, అను ఫాంట్ అవతలివాళ్ళ దగ్గర ఉండక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ మీద కొట్టేవాళ్ళయితే ఇంకా తేలిక, అది 1986 నుంచి ప్రభుత్వ ప్రమాణంగా ఉన్న లేఅవుట్, విండోస్‌లో ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు, ఎడమ చేతికి గుణింతాలు, కుడి చేతికి హల్లులు, కె మీద క, డి మీద పొల్లు, అదే చోట్లు.

కన్వర్టర్ కొనేముందు కీబోర్డు అడుగు భాగం ఫోటో ఒకటి, నల్ల ముక్క రెండు వైపుల ఫోటోలు పెట్టండి. అడుగున ఆ స్విచ్ ఉందో లేదో, ఏ వైపు ఉందో చూసి చెప్తాను.